టైమ్‌షేర్ వారం అద్దెకు తీసుకుంటే ప్రయాణ బీమా అవసరమా?

ప్రశ్న: మూడు కుటుంబాలం కలిసి విదేశంలో ఒక సముద్రతీర రిసార్టులో వారం రోజులు గడపాలనుకున్నాం. మేము, మా ఆడపడుచు వాళ్లు, మా మరిది వాళ్లు. మా అత్తమామలు కూడా వస్తారు. ఆ రిసార్టులో టైమ్‌షేర్ ఉన్న ఒకాయన తన వారాన్ని హోటల్ ధరలో సగానికే అద్దెకిస్తానన్నారు. నాలుగు రోజుల క్రితం అడ్వాన్సు ఇచ్చాం. మిగతాది వచ్చే నెల కట్టాలి. మేము రద్దు చేసుకుంటే ఏమీ తిరిగి రాదు. ప్రయాణానికి ఇంకా ఐదు నెలలుంది. మామగారికి రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. మేము వెళ్లేది తుఫానుల కాలం. ప్రయాణ బీమా తీసుకుందామని నేనంటే, ‘అద్దెలో మిగిలింది బీమాకు పోస్తే ఇక లాభమేముంది’ అని మావారు అంటున్నారు. తీసుకున్నా జబ్బు సంగతి ఫారంలో రాయవద్దని మామగారి పట్టు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తీసుకోండి. అయితే ముందు రిసార్టుకు మీరే ఒక ఫోను చేయండి, ఆ తర్వాత పాలసీ తీసుకోండి. ఫోను రేపే, పాలసీ ఈ వారంలో. ఈ వరస ఊరికే చెప్పడం లేదు. మీ ఉత్తరంలో మామగారి గుండె ఉంది, తుఫాను ఉంది, మీవారి లెక్క ఉంది. ఆ వారం ఎవరిదో ఆ యజమాని గురించి మాత్రం ఒక్క అనుమానమూ లేదు. నాకు మొదట కనిపించిన ప్రమాదం అక్కడే.

ఆయన మోసగాడని అనడం లేదు. నిక్కమైన మనిషే కావచ్చు. కానీ టైమ్‌షేర్ అంటే ఇల్లు కాదు, సంవత్సరంలోని 52 వారాల్లో ఒక వారం మీద హక్కు. పాయింట్ల పద్ధతిలో అయితే అది కూడా కాదు, ఖాళీ ఉన్న వారాన్ని బుక్ చేసుకునే అర్హత మాత్రమే. ఆ హక్కు చెల్లాలంటే ఏటేటా నిర్వహణ రుసుము కట్టాలి. కట్టకపోతే రిసార్టు ఆ వారాన్ని వాడుకోనివ్వదు. ఆ సంగతి యజమానికి తెలుస్తుంది, అద్దెకు తీసుకున్న మీకు తెలిసే దారి లేదు. సామాన్లతో కౌంటరు ముందు నిలబడ్డాక తెలుస్తుంది.

మేమూ ఒకసారి అలా నిలబడ్డాం. కౌంటరులోని అమ్మాయి కంప్యూటర్ తెరను మా వైపు తిప్పి చూపింది. గది ఉంది, తేదీలు ఉన్నాయి, యజమాని పేరు ఉంది. మా పేరు లేదు. మమ్మల్ని అతిథులుగా నమోదు చేయించడం ఆయన మరచిపోయారు. ఆయన ఉండే చోట అప్పుడు అర్ధరాత్రి. ఫోను ఎత్తేసరికి మూడు గంటలు గడిచాయి. ఆ మూడు గంటలూ మా అత్తగారు సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నారు. నా చేతిలో మంచి కాగితం మీద ముద్రించిన బీమా పత్రం ఉంది. ఆమెకు విసరడానికి పనికొచ్చింది.

ఎందుకంటే ఇలాంటి నష్టం మామూలు ప్రయాణ బీమాలోకి రాదు. విమాన సంస్థో టూర్ కంపెనీయో దివాలా తీస్తే పరిహారం ఇచ్చే పాలసీలున్నాయి. ఒక వ్యక్తి మాట తప్పితే, మరచిపోతే, లేని వారాన్ని అమ్మితే ఇచ్చే పాలసీ నేనైతే చూడలేదు. అందుకే ఈ ప్రమాదాన్ని బీమాతో కాక ఫోనుతో ఎదుర్కోవాలి. రిసార్టు నంబరు మీరే వెతికి పట్టుకోండి, యజమాని పంపిన నంబరుకు చేయవద్దు. బుకింగ్ నంబరు చెప్పి ఫలానా తేదీలకు ఆ గది ఖాయమయిందా, ఎంతమంది ఉండవచ్చు, అతిథి పేరు ఏమని ఉంది అని అడగండి. రుసుము బకాయి ఉందా అంటే యజమాని సొంత విషయమని చెప్పకపోవచ్చు. అది ఆయన్నే అడగండి, ఈ ఏడాది రశీదు పంపమనండి. మీ పేరుతో గెస్ట్ సర్టిఫికెట్, అంటే ఆ వారం అతిథులు మీరేనని రిసార్టు ఇచ్చే పత్రం, చేతికి వచ్చాకే మిగతా డబ్బు కట్టండి. అది కూడా బ్యాంకు బదిలీగా కాకుండా క్రెడిట్ కార్డు మీద కట్టగలిగితే మేలు. సరుకు అందకపోతే కార్డు సంస్థ దగ్గర చెల్లింపు మీద అభ్యంతరం చెప్పవచ్చు. కొన్ని కార్డులకు వాటి సొంత ప్రయాణ బీమా కూడా ఉంటుంది, ఆ కార్డుతో కట్టిన ఖర్చుకే వర్తిస్తుంది. బ్యాంకు బదిలీ చేస్తే రెండు దారులూ మూసుకుపోతాయి.

ఇక బీమా. అది చూసుకునేది మీరు వెళ్లలేకపోవడాన్ని, వెళ్లాక మీకేమైనా కావడాన్ని. వెళ్లలేకపోవడం అంటే ఏ కారణమైనా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పాలసీలో రాసి ఉన్న కారణం అయితేనే సరిపోతుంది. జబ్బు, గాయం, దగ్గరి బంధువు మరణం, ఇల్లు కాలిపోవడం, కొన్నిటిలో ఉద్యోగం పోవడం, ఇలా ఒక జాబితా ఉంటుంది. జాబితాలో లేనిది జరిగితే ఎంత ఘోరమైనా లెక్కలోకి రాదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలై ఐరోపా మీద బూడిద కమ్మినప్పుడు సుమారు లక్ష విమానాలు రద్దయ్యాయి. పాలసీల్లో ‘ప్రతికూల వాతావరణం’ అని రాసి ఉంది. ఆకాశంలో తేలే బూడిద వాతావరణం కిందకు వస్తుందా రాదా అని వాదులాట మొదలైంది. కొన్ని బీమా సంస్థలు వస్తుందన్నాయి, కొన్ని రాదన్నాయి. విమానాశ్రయం నేల మీద పడుకున్నవాళ్లకు ఆ నిర్వచనంతో పనేముంది? క్లెయిముకు మాత్రం అదే ఆధారం. 2020లోనూ ఇంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారి అనక ముందే చాలా పాలసీల్లో మహమ్మారులకు మినహాయింపు ఉంది. ‘భయం వేసి ఆగిపోయాం’ అన్నది అప్పుడూ ఇప్పుడూ చెల్లే కారణం కాదు.

తుఫాను విషయంలో ఈ భయానికీ నష్టానికీ ఉన్న తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అట్లాంటిక్‌లో తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు అని లెక్క. గాలి వేగం గంటకు సుమారు 63 కిలోమీటర్లకు చేరితే దానికి పేరు పెడతారు. పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫానుకు పనికిరాదు, అప్పటికే అది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి. ముందే కొన్నారనుకోండి, అప్పుడైనా ‘టీవీలో చూసి మానుకున్నాం’ అంటే కుదరదు. రిసార్టు ఉండటానికి వీల్లేకుండా దెబ్బతినాలి, లేదా ఖాళీ చేయమని అధికారులు ఉత్తర్వు ఇవ్వాలి, లేదా పాలసీలో రాసినన్ని గంటలు విమానాలు నిలిచిపోవాలి. తీరం అంతా తడిసి, ఈత కొలను మూసేసి, వారం రోజులూ వాన కురిసినా గది తలుపు తెరుచుకుంటే మీకు నష్టం జరగనట్టే.

మామగారి సంగతికి వస్తాను. మీరు బీమా తీసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఆయనే.

ముందునుంచీ ఉన్న జబ్బును పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. అయితే అడ్వాన్సు కట్టిన 14 లేదా 21 రోజుల్లోపు కొంటే ఆ మినహాయింపును వదులుకునే పాలసీలు చాలా ఉన్నాయి. అంటే స్టెంట్ ఉన్నా సరే, ఆ గుండె కారణంగానే ప్రయాణం ఆగినా సరే, పరిహారం ఇస్తారు. మీరు కట్టి నాలుగు రోజులే అయింది. అందుకే ఈ వారంలో అన్నాను. గడువు లెక్క మొదటి చెల్లింపు నుంచి, అది ఎంత చిన్నదైనా సరే. వచ్చే నెల మిగతా డబ్బు కట్టేటప్పుడు చూద్దాంలే అనుకుంటే ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. మరో రెండు షరతులుంటాయి. పాలసీ కొన్న రోజున ఆయన ప్రయాణం చేయగల ఆరోగ్యంతో ఉండాలి. వాపసు రాని ఖర్చు మొత్తానికి బీమా చేయాలి, ప్రీమియం తగ్గుతుందని సగానికే చేస్తే ఈ సదుపాయమే రద్దు కావచ్చు. టికెట్లు తర్వాత కొంటే వెంటనే ఆ మొత్తాన్ని పాలసీలో కలిపించండి.

మీరు కొనే చోట ఈ పద్ధతి లేకపోతే ఇంకోటి ఉంటుంది. ప్రతి జబ్బునూ ముందే చెప్పాలి, వాళ్లు ప్రశ్నలు వేసి, అదనపు ప్రీమియం తీసుకునో తీసుకోకుండానో ఒప్పుకుంటారు.

రెండూ లేని పాలసీ అయితే ‘నిలకడ’ అనే నిబంధన చూడండి. పాలసీ కొనడానికి ముందు 60 నుంచి 180 రోజుల కాలంలో జబ్బులో మార్పేమీ ఉండకూడదంటారు. మార్పు అంటే ఆసుపత్రిలో చేరడమే అనుకుంటాం మనం. మాత్ర మోతాదు మారినా మార్పే. 25 మిల్లీగ్రాముల మాత్ర 50 అయితే ఎలాగూ మార్పే, బాగున్నారని డాక్టరు 50ని 25కు తగ్గించినా కొన్ని పాలసీల్లో అది మార్పే. బాగుపడినందుకు శిక్ష వేసినట్టుంటుంది, కానీ అలాగే రాసి ఉంటుంది. మామగారి చివరి మూడు మందుల చీటీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ప్రయాణం చేయనివాళ్ల సంగతీ గుర్తుంచుకోండి. ఇంట్లో ఉండిపోయే మీ అమ్మగారికో నాన్నగారికో ప్రాణం మీదకు వచ్చి మీరు ఆగిపోతే, అదీ సాధారణంగా చెల్లే కారణమే. కానీ వాళ్ల పాత జబ్బులకూ ఈ నిబంధనలే వర్తిస్తాయి.

మీవారి లెక్క చూద్దాం. హోటల్ 200 అనుకుంటే మీ అద్దె 100. మిగిలింది 100. విమానం టికెట్లన్నీ కలిపి మరో 200 అనుకుందాం. వాపసు రానిది మొత్తం 300. రద్దు నష్టాన్ని కూడా చూసుకునే పాలసీకి ప్రీమియం మామూలుగా ఖర్చులో 4 నుంచి 10 శాతం ఉంటుంది, పెద్దవాళ్లుంటే పైకి పోతుంది. 7 శాతం వేసుకుంటే 21. అంటే మిగిలిన వందలో ఇంకా 79 మీ దగ్గరే ఉంది. ‘లాభమేముంది’ అనే మాట ఇక్కడ నిలవదు. ఆయన అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ 300 పోతే మనం తట్టుకోగలమా? తట్టుకోగలిగితే, పెద్దవాళ్లెవరూ రాకపోతే, నేనైతే రద్దు బీమా తీసుకోను. మేమిద్దరమే వెళ్లేటప్పుడు తీసుకోవడం మానేశాను కూడా. వైద్యానికి మాత్రం తీసుకుంటాను. అద్దె పోతే నాలుగు రోజులు బాధపడతాం. విదేశంలో గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరితే, అక్కడి నుంచి వైద్య సదుపాయమున్న విమానంలో తీసుకురావలసి వస్తే, ఆ బిల్లు ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ప్రయాణ ఖర్చును కలపకుండా వైద్యానికీ అత్యవసర తరలింపుకూ మాత్రమే ఇచ్చే పాలసీలున్నాయి, ప్రీమియం బాగా తక్కువ. మీవారు చివరికి ఏదీ వద్దన్నా, కనీసం ఇది లేకుండా మామగారిని విమానం ఎక్కించవద్దు. దీనిలోనూ పాత జబ్బుల నిబంధన చూడాలి.

‘ఏ కారణానికైనా రద్దు’ అనే అదనపు సదుపాయం గురించి ఎవరైనా చెప్పవచ్చు. ఉన్నచోట అది నిజంగానే ఏ కారణమూ అడగదు. కానీ ఇచ్చేది 50 నుంచి 75 శాతమే, సాధారణంగా బయలుదేరడానికి 48 గంటల ముందే రద్దు చేసుకోవాలి, ప్రీమియం దాదాపు సగం పెరుగుతుంది. తుఫాను భయం మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే తీసుకోండి, లేకపోతే అక్కర్లేదు.

మూడు కుటుంబాలన్నారు కాబట్టి ఒక చిక్కు చెబుతాను, దీన్ని చాలామంది పట్టించుకోరు. అద్దె మొత్తం మీరు కట్టి, ఆడపడుచు వాళ్లూ మరిది వాళ్లూ తమ వంతు తర్వాత ఇచ్చారనుకోండి. ప్రయాణానికి వారం ముందు ఆడపడుచు బిడ్డకు చెయ్యి విరిగి వాళ్లు ఆగిపోయారు. వాళ్ల వంతు అద్దె నష్టం ఎవరిది? కాగితం మీద కట్టింది మీరు, మీరేమో వెళుతున్నారు, గది ఖాళీగా లేదు. బీమా సంస్థ అడిగేది ఇదే. కాబట్టి ముగ్గురి వంతులూ ఎంతెంతో ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకుని, యజమానితో చేసుకునే ఒప్పందంలోనూ ముగ్గురి పేర్లూ వేయించండి. ఎవరి వంతు వాళ్లు బ్యాంకు ద్వారా మీకు పంపాలి, చేతికి ఇవ్వకూడదు. ఎవరి వంతుకు వాళ్లు బీమా చేసుకోవాలి. సొంతవాళ్ల మధ్య ఇదంతా ఏమిటని ఆడపడుచు నొచ్చుకోవచ్చు. తప్పు నా మీదకు తోసేయండి, పత్రికలో అలా రాశారని చెప్పండి.

పాలసీ కొనే ముందు బీమా సంస్థను ఒక్క ప్రశ్న అడిగి, జవాబు ఈమెయిలులో తెప్పించుకోండి: ‘రిసార్టు నుంచి కాక, టైమ్‌షేర్ యజమాని నుంచి తీసుకున్న అద్దెకు ఇది వర్తిస్తుందా?’ కొన్ని పాలసీలు వసతి ఇచ్చేది వ్యాపార సంస్థ అయి ఉండాలంటాయి. ఫోనులో ‘వర్తిస్తుందండీ’ అన్న గొంతు క్లెయిము రోజున దొరకదు. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇవ్వనని యజమాని అన్నారు కదా, ఆ మాట కూడా ఒప్పందంలో రాయించండి. వాపసు రాదని రుజువు చేయవలసింది మీరే.

యజమాని దగ్గర బేరానికి ఇంకా చోటుంది. టైమ్‌షేర్ అద్దెలో సాధారణంగా ఒక వెసులుబాటు ఉంటుంది: అతిథి పేరు మార్చవచ్చు. మీరు వెళ్లలేకపోతే మీ బదులు ఇంకో కుటుంబం వెళ్లవచ్చు, రిసార్టు కొద్దిపాటి రుసుముతో కొత్త సర్టిఫికెట్ ఇస్తుంది. ఎంత ఆలస్యంగా మార్చవచ్చో అడగండి. అలాగే పాయింట్లతో బుక్ చేసిన వారమైతే, ఫలానా తేదీలోపు రద్దు చేస్తే యజమానికి ఆయన పాయింట్లు తిరిగి వచ్చే గడువు ఒకటి సాధారణంగా ఉంటుంది. ఆ తేదీ కనుక్కుని, ‘ఆలోపు మేము చెబితే మీకు నష్టం లేదు కదా, సగమైనా తిరిగి ఇవ్వండి’ అని అడగండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడిగేవాళ్లు తక్కువ.

కొన్నాక పత్రం వచ్చిన రోజే చదవండి. నచ్చకపోతే వాపసు ఇవ్వడానికి చాలాచోట్ల 10 నుంచి 15 రోజుల గడువు ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు విమాన సంస్థ వెబ్‌సైటులో ఒక గడిలో టిక్కు పెట్టమనే బీమా చాలాసార్లు టికెట్టుకే పరిమితం. అది మీ అద్దెను పట్టించుకోదు.

చివరగా మామగారి పట్టు. ఆయన దాచాలనుకుంటున్నది బీమా సంస్థ నుంచి కాదేమో, వియ్యంకుల నుంచో, తెలిసినవాళ్ల నుంచో, తన నుంచే తానో. ఆ బాధ నాకు అర్థమవుతుంది. బంధువులకు చెప్పకపోయినా ఫరవాలేదు. అడిగిన ఫారంలో మాత్రం దాస్తే, క్లెయిము వేసిన మరునాడే వాళ్లు ఆసుపత్రి రికార్డులు తెప్పిస్తారు, స్టెంట్ కనిపిస్తుంది, పాలసీ మొత్తం చెల్లదంటారు. కాలు మడతపడి క్లెయిము వేసినా అదే మాట అనవచ్చు. ఆయనతో ‘రాయకపోతే తప్పు’ అని వాదించకండి. ఫారం మీరు పూరించి, సంతకం ఆయన చేత పెట్టించండి. ఆ పక్కనే ఆయన మాత్రల అట్టలు వరసగా పెట్టి, పేరూ మోతాదూ తేదీతో సహా కనబడేలా ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచండి. ఒకవేళ ప్రయాణం మానుకోవలసి వస్తే, యజమానికి ‘రావడం లేదు’ అని చెప్పే ముందే ఆయన్ని డాక్టరుకు చూపించి, ప్రయాణం వద్దని చీటీ రాయించుకోండి. నాకు తెలిసిన ఒకావిడ ఉదయం రద్దు చేసి, మరునాడు డాక్టరు దగ్గరకు వెళ్లింది. జబ్బు నిజమే, చీటీ నిజమే. ఆ ఒక్క రోజు తేడాకు ఆరు నెలలు ఉత్తరాలు రాస్తూనే ఉంది.